రెండు జెండాల మధ్య

చేపల జెట్టీ వెనక ఐస్ మిషన్ గడగడలాడుతోంది. తుపాకీ పేలిన చప్పుడు అందులో కలిసిపోయింది. ‘వెన్నెల’ అనే షికారు యాట్‌కి చుక్కాని పట్టే మనిషి ఐస్ దిమ్మల మధ్య ఒరిగిపోయాడు. పైకి అతను యాట్ నౌకరు. నిజానికి సీక్రెట్ సర్వీస్ మనిషి.

“వాడి చోట్లోకి నువ్వెళ్తున్నావు,” అన్నాడు చీఫ్. “వాళ్ళకి అర్జెంటుగా ఇంకో మనిషి కావాలి. జెట్టీ బ్రోకర్ ద్వారా నిన్నే పంపిస్తున్నాం.”

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని ఆఫీసులో అందరూ ‘కొంగ’ అంటారు. ఎంతసేపైనా ఉలుకూపలుకూ లేకుండా నిలబడి, అదును చూసి ఒక్క పోటు పొడుస్తాడని.

“యాట్‌లో ఏముంది సార్?”

“మన ఇంజనీరు. శత్రువుల సబ్‌మెరైన్లని చప్పుడు బట్టి పసిగట్టే మెషిన్ ఆవిడ తయారుచేసిందే. మత్తుమందిచ్చి కేబిన్‌లో పడేశారు. సరిహద్దు అవతల విదేశీ షిప్పు కాచుక్కూచుంది. అందులోకి ఎక్కిస్తే ఇక ఆవిడ మీద ఆశ వదులుకోవాల్సిందే.”

“కోస్ట్ గార్డ్?”

“వెంటపడితే ఆవిడ్ని కాల్చేస్తారు. యాట్ దానంతటదే చెడిపోయినట్టు ఆగాలి. ఆగిన మరుక్షణం నీ వాచీలో ట్రాన్స్‌మిటర్ నొక్కు.”

“లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?”

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. “ముత్యం అని ఒక గాయని. ముఠా నాయకుడు తెల్లటోపీ పక్కనే ఉంటుంది. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. మనసు ఎటుందో దేవుడికే తెలియాలి. ‘ఎండ మండిపోతోంది’ అను. ‘గొడుగు మర్చిపోయాను’ అందంటే మన మనిషే.”

పెట్టుడు మీసం, వెలిసిపోయిన ఖాకీ చొక్కాతో కొంగ ఆ మధ్యాహ్నమే యాట్ ఎక్కాడు. ఎక్కువమంది కనిపిస్తే అనుమానం వస్తుందని తెల్లటోపీ, ముత్యం ఇద్దరే వచ్చారు, షికారుకెళ్తున్న జంటలాగా. తెరచాప ఎత్తారు. తొందరగా పోవాలని ఇంజన్ కూడా ఆన్ చేశారు.

ముత్యం ఆకుపచ్చ సిల్కు చీరలో, పెద్ద నల్లకళ్ళద్దాలతో వచ్చి రెయిలింగ్‌కి ఆనుకుంది.

“ఎండ మండిపోతోందమ్మా,” అన్నాడు కొంగ.

“నోరు మూసుకుని నడుపు,” అంది ముత్యం.

ఈమె మన మనిషి కాదని తేల్చుకున్నాడు కొంగ. ఇక తనకి తానే దిక్కు.

ఎదురుగా నీటి మీద ఎర్ర డబ్బాలు తేలుతున్నాయి. వాటి కింద, అడుగున పీతల బోనులుంటాయి. ప్రవాహం డబ్బాని ఒక పక్కకి ఈడుస్తుంది కాబట్టి తాడు ఎప్పుడూ దానికి ఎగువ పక్కనే నీళ్ళలో దాక్కుని ఉంటుంది. బుద్ధున్నవాడు దిగువ నుంచి తప్పించుకుపోతాడు. కొంగ కావాలనే ఎగువకి తిప్పాడు. తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే చాలు.

“ఏయ్, కళ్ళు కనిపించడం లేదా?” ముత్యం అరిచింది. “దిగువ నుంచి పోనీ! తాడుంది అక్కడ!”

మెడ వెనక చల్లగా తెల్లటోపీ పిస్తోలు తగిలింది. కొంగ చుక్కాని తిప్పాడు.

“నీకెలా తెలుసు?” అని అడిగాడు తెల్లటోపీ.

“మా నాన్న వలలేసేవాడు. వీడి కంటే నేనే నయం,” అంటూ ఆమె వచ్చి కొంగ పక్కనే నిలబడింది.

ఇంకో డబ్బా వచ్చింది. మళ్ళీ తప్పించింది. ఒకే వేగంతో పక్కపక్కనే పోతున్న రెండు చేపల ట్రాలర్లు కనిపించాయి. వాటి మధ్యకి పోబోతే, “ఇద్దరూ కలిసి ఒకే వల లాగుతున్నారు. దూరంగా చుట్టి పో,” అంది. కొంగ చెప్పినట్టే తిప్పాడు. తెల్లటోపీ పిస్తోలు దించి, ఇక అంతా ఆమెకే వదిలేశాడు.

దూరంగా బూడిదరంగు షిప్పు కనిపించింది. దానికి ముందు, ఎడమ పక్క ఒక నారింజరంగు జెండా, కుడి పక్క చాలా దూరంలో ఇంకొకటి. మధ్యలో నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ మెరుపులో వరసగా వలని తేల్చే తెల్లటి బెండ్లు. జెండా నుంచి జెండా దాకా అదంతా ఒకే వల!

ముత్యం చేత్తో నుదుటి మీద నీడ పట్టింది. “అబ్బ, గొడుగు మర్చిపోయాను. నేరుగా పోనీ.”

కొంగ చుక్కాని కదపకుండా పట్టుకున్నాడు. ఆమె పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి. “ప్రొపెల్లర్ దగ్గర కత్తి బిగించారు. తాడైతే తెగ్గోసేది. అంత వలని కొయ్యలేదు. వాడు నన్ను నమ్మేదాకా ఆగాను.”

బెండ్లు యాట్ కిందికి పోయాయి. ఇంజన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. తెరచాపలో గాలి నిండుగానే ఉంది, కానీ యాట్‌ని ఎవరో వెనకనుంచి జుట్టు పట్టుకుని ఆపినట్టయింది. కొంగ వాచీ నొక్కాడు.

“తిప్పు! చుక్కాని తిప్పు!” అని అరిచాడు తెల్లటోపీ.

“తిరగడం లేదు సార్. వల పట్టేసింది.”

విదేశీ షిప్పు నుంచి రబ్బరు బోటు దిగింది. ట్రాలర్ల చాటునుంచి కోస్ట్ గార్డ్ బోటు దూసుకొచ్చింది. తెల్లటోపీ రెండిటినీ మార్చి మార్చి చూశాడు. అతని ముఖం నల్లబడింది.

“నాకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు!” అంటూ కేబిన్ తలుపు తన్నాడు. లోపల ఇంజనీరు స్పృహలో లేదు. పిస్తోలు లేచింది.

“కొంగా, వంగు!”

తెరచాప అడుగు దూలాన్ని బిగించి పట్టిన తాడుని ముత్యం ఒక్క గుంజుతో వదిలేసింది. దూలం గిర్రున తిరిగి, కొంగ తలమీదుగా పోయి తెల్లటోపీని మోదింది. గుండు ఆకాశంలోకి పోయింది. తెల్లటోపీ నీళ్ళలోకి పోయి, వలలో చిక్కుకుని కోస్ట్ గార్డ్ కోసం తనే కేకలు పెట్టాడు.

రబ్బరు బోటు వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఇంజనీరు కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది.

ఇంతలో ఒక చిన్న పడవ టకటకమంటూ వచ్చింది. అందులో వల తాలూకు మనిషి కోపంతో ఊగిపోతున్నాడు.

“ఏమయ్యా! అంతంత జెండాలు పెడితే మధ్యలోంచి ఎలా వచ్చావు? కళ్ళు నెత్తికెక్కాయా?”

దేశ రహస్యం. చెప్పడానికి లేదు. “తప్పయిపోయింది బాబాయ్,” అన్నాడు కొంగ తల దించుకుని.

“అసలు నీకు పడవ ఎవరిచ్చారు?”

కొంగ సాయం కోసం ముత్యం వైపు చూశాడు.

“నేను దారంతా చెబుతూనే ఉన్నాను బాబాయ్,” అంది ముత్యం నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ. “వింటేగా!”

మళ్ళీ పక్షం మార్చేసింది.