గోతి నంబరు

ఆ ఊరు పొయ్యి మీద మరిచిపోయిన పాలలా పొంగుతోంది. పొద్దున ముళ్లకంప ఉన్నచోట సాయంత్రానికి గోడ లేస్తోంది. ఆ గోడలన్నిటికీ నంబర్లు వేసే పని మన పెయింటర్‌ది. రేకు అచ్చు ఆనించడం, నల్లరంగు అద్దడం, పక్క గుమ్మానికి నడవడం. ఖాళీ స్థలం వస్తే మాత్రం దాని నంబరు దానికే వదిలేసి ముందుకెళ్లాలి. ఆ పనిలో నియమం అదొక్కటే.

ఇంట్లో పెళ్లాం దెప్పుతూనే ఉంది. "ఊరందరికీ నంబర్లేస్తావు, మన గుమ్మం మాత్రం బోసి. రేపటిలోగా ఇంటి నంబరు చూపించకపోతే పాపకి బళ్లో సీటు లేదన్నారు."

వాళ్ల ఇల్లు ఆలస్యంగా కట్టింది, నంబర్ల జాబితాకెక్కలేదు. మళ్లీ జాబితా రాసేది వచ్చే ఏడాదే. పక్కనున్న నలభై ఆరో నంబరు స్థలమేమో ఉత్త గొయ్యి. అక్కడ ఒకప్పుడు ఓ ముసలి జంట గుడిసె ఉండేది. తవ్వే యంత్రం వచ్చిన రోజు "మేం కదలం" అని లోపలే కూర్చున్నారట. తర్వాత వాళ్లేమయ్యారో ఎవరూ అడగలేదు. పెయింటరూ అడగలేదు.

లేనివాళ్లకి నంబరెందుకులే అనుకుని, ఆ సాయంత్రం నలభై ఆరు తన గుమ్మానికే వేసేసుకున్నాడు. పాప చప్పట్లు కొట్టింది. అతనికి కడుపు నిండినట్టయింది.

రంగు డబ్బాలు వీధి చివరి గదిలో పెట్టి వచ్చేసరికి మసకబడింది. వాన లేదు గానీ తడిమట్టి వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. గొయ్యి అంచు నుంచి బురద అడుగులు... రెండు జతలు. నేరుగా అతని గుమ్మంలోకే వెళ్లాయి. తిరిగి రాలేదు.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. తట్టాడు.

"ఎవరు?" ముసలి గొంతు, గుసగుసగా.

"నేనే... ఇది నా ఇల్లు."

"నంబరు చూసుకో."

జేబులోని బ్లేడుతో నంబరు గీకాడు. రంగు ఊడింది. కింద సున్నంలోనూ నలభై ఆరే. సున్నం రాలింది. ఇటుకలోనూ నలభై ఆరే.

"మా ఆవిడేది?... పాపేది?" అని అరిచాడు.

"మేమూ ఇలాగే అరిచాం," అంది ఇంకో గొంతు. ఈసారి ఆడమనిషిది.

కిటికీ తెరుచుకుంది. పాప. అమ్మయ్య అనుకున్నాడు. "తల్లీ, గడియ తియ్యమ్మా..."

పాప కన్నతండ్రిని ఎగాదిగా చూసింది. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడినంత మర్యాదగా అంది: "మీ ఇల్లు అదండీ. రేపు తాత నన్ను బళ్లో చేర్పిస్తాడు."

చిన్నవేలు గొయ్యి వైపు చూపించింది.

అతను తిరిగి చూశాడు. గొయ్యి అడుగున దీపం వెలుగుతోంది. అక్కడి నుంచి పెళ్లాం గొంతు, రోజూ పిలిచినట్టే...

"అక్కడే నిలబడ్డావేం? తలుపు తీసే ఉంది, రా."