స్తంభంలో ఫ్లాస్కు

"మౌంటెన్ బైక్ సరే. మౌంటెన్ ఏదీ?"

వెనకనుంచి వినబడ్డ ఆ ప్రశ్నకి వానెస్ వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. నోటినిండా బురద ఉంది. కాలువ గట్టు మీంచి దర్జాగా దిగబోయి, బీట్‌దుంపల చేను పక్కన ముందు చక్రం దిగబడి, ఎగిరి బోర్లా పడ్డాడు పాపం.

తల తిప్పి చూస్తే ట్రాక్టర్ మీద ఒక అమ్మాయి. పసుపుపచ్చ రబ్బరు బూట్లు, చెంప మీద గ్రీజు మరక. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. పెదవి మాట వినడం లేదు.

"మా వైపు కొండల్లేవండీ," అన్నాడు ఉమ్మేసి. "బురదే మా కొండ."

"ఆ బురద మాది. మా నాన్న చేలో బురద. అడిగి పడ్డారా, అడక్కుండానే పడ్డారా?"

"అడుగుదామనే వస్తున్నానండీ. ఈలోగా పడిపోయాను. అక్టోబరు ఆఖరి ఆదివారం మా క్లబ్ రైడ్ ఉంది. దారి గీసే పని నాకిచ్చారు. గట్టు మీంచి దిగి, మీ చేను అంచున పోయి, ఆ చెక్క వంతెన దాటితే భలే ఉంటుంది. మీరు ఒప్పుకుంటే..."

"నేనొప్పుకుంటే ఏం లాభం? చేను అంచంటే మా నాన్నకి ప్రాణం. ఆయన్నడగండి." ట్రాక్టర్ దిగొచ్చి ఫ్లాస్కు అందించింది. "ముందిది తాగండి. పళ్ళు టకటకమంటున్నాయి, ఇక్కడికి వినబడుతోంది."

ఆమె సంతలో ముచ్చటపడి కొన్న పాత మిలిటరీ ఫ్లాస్కు అది. బూడిద రంగు, లావుపాటి ఇనుము, అక్కడక్కడా తుప్పు. అందులో కాఫీ చేదు విషంలా ఉంది. వానెస్ మొత్తం తాగేశాడు.

"ఫ్లాస్కు మాత్రం తిరిగివ్వాలి," అంది. పేరు అడిగితే లీసలోట్ అని చెప్పింది.

ఆమె తండ్రి ఓడీల్ మాటల్లో పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. అయినా విచిత్రంగా ఆ సాయంత్రమే సరేనన్నాడు. "మొలకలు తొక్కకూడదు. చెత్త పారెయ్యకూడదు. అంతే." దాంతో వానెస్‌కి ఆ ఇంట్లో పని అయిపోయింది.

కానీ రాకపోకలు ఆగలేదు. ఒకనాడు వంతెన పలకలు గట్టిగా ఉన్నాయో లేదో చూడ్డానికొచ్చాడు. ఇంకోనాడు బాణం గుర్తు ఎక్కడ కట్టాలో చూడ్డానికి. మరోనాడు బురద ఎంత లోతో చూడ్డానికి, వానే పడని వారంలో.

"అబ్బాయ్," అన్నాడు ఓడీల్ ఒకసారి, బంగాళాదుంపలు ఏరుతూ తలెత్తకుండానే. "ఆ వంతెన మీద నా ట్రాక్టర్ రోజూ పోతోంది. నీ సైకిలుకి కూలుతుందా?"

"జాగ్రత్త మంచిది కదండీ."

"మంచిదే, మంచిదే," అన్నాడాయన.

వచ్చిన ప్రతిసారీ లీసలోట్ చెయ్యి చాపేది. "నా ఫ్లాస్కేది?"

"అయ్యో, మర్చిపోయా!"

"బాదం పప్పులు నానబెట్టుకు తిను, జ్ఞాపకశక్తికి మంచిది." అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఫ్లాస్కు తిరిగిచ్చేస్తే మళ్ళీ రావడానికి సాకుండదని ఆమెకీ తెలుసు. ఆమెకి తెలుసని మాత్రం అతనికి తెలీదు.

రైడ్ ముందరి గురువారం ఆమె కూడా పాత సైకిలేసుకుని దారి చూడ్డానికి బయల్దేరింది. కాలువ పక్కన గట్టు మీద గాలి ఎదురు కొడుతోంది. ఆవులు నీడకి చేరే పాత యుద్ధం నాటి కాంక్రీటు బంకర్ దాటాక సైనికుల శ్మశానం వచ్చింది. ఇద్దరూ చెప్పుకోకుండానే దిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళారు. అక్కడ ఎవరూ తొక్కుకుంటూ పోరు.

వరసగా తెల్లటి రాళ్ళు. లీసలోట్ ఒక దాని దగ్గర ఆగి, దాని మీద చెక్కిన వయసు చదివింది.

"వీడు నీకంటే చిన్నవాడు."

"ఊఁ."

"వీళ్ళలో ఎంతమంది ఎవరితోనో ఏదో చెప్పాలనుకుని ఉంటారు కదూ? సెలవు దొరికాక చెబుదాం, యుద్ధం అయ్యాక చెబుదాం అని."

 ఇదే సమయం, చెప్పెయ్యి అని వానెస్‌ని గుండె తొందరపెట్టింది. నోరు తెరిచాడు. "ఇక్కడ... ఒక బాణం గుర్తు కడితే బాగుంటుంది," అన్నాడు.

ఆమె అతనివైపు తిరిగింది. "చూడు వానెస్, మా వంతెన కూలదు. బురద లోతు మారదు. నువ్వు మా ఇంటికి ఎందుకొస్తున్నావో మా నాన్నకి నీ నోటితో చెప్పు. ఆదివారం రైడ్ మొదలయ్యేలోగా. చెప్పలేకపోతే సోమవారం నుంచి మా గేటు వైపు చూడకు. నేను తమాషాకి అనడం లేదు."

నిజంగానే తమాషాకి అనలేదు. చేతిలో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఉంది, కళ్ళలో నవ్వు లేదు. ఆమె లేకపోతే తన ఆదివారాలన్నీ ఎలా ఉంటాయో వానెస్‌కి ఆ రాళ్ళ మధ్యే కళ్ళకి కట్టింది, భయమేసింది.

శనివారం తెల్లవారగానే వేడివేడి చాక్లెట్ పాలు కాచి ఫ్లాస్కు నిండా పోశాడు. ఇంకొకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని వాళ్ళమ్మ నేర్పింది. దారిపొడుగునా మాటలు వల్లె వేసుకున్నాడు. 'ఓడీల్ గారూ, నేను వంతెన కోసం రావడం లేదు.' బాగుంది. 'మీ అమ్మాయి కోసం.' ఇంకా బాగుంది.

ఆ వల్లెవేతలోనే మళ్ళీ అదే చోట, అదే బురదలో పడ్డాడు. ఫ్లాస్కు చేతిలోంచి జారి, పొర్లి, తేలి, బురద ముద్దయి దొరికింది. లేచి నిలబడేసరికి పెరట్లో ఓడీల్ కనిపించాడు. చేతిలో పార ఉంది. మొహం ఎప్పట్లాగే ఉంది, అంటే చాలా భయంకరంగా ఉందన్నమాట.

వానెస్ ధైర్యం అక్కడికక్కడే ఆవిరైపోయింది. సాయంత్రం చెబుదాం, ముందు ఫ్లాస్కు ఎక్కడైనా పెట్టేసి పోదాం అనుకుని చుట్టూ చూశాడు. గేటు పక్కన కాంక్రీటు కరెంటు స్తంభం, దానికి చక్కగా కన్నం. అందులో దూర్చేసి పారిపోయాడు.

మనిషి బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. మా వైపు నేల దున్నితే దుంపలతోబాటు ఫిరంగి గుండ్లు కూడా పైకొస్తాయి. వందేళ్ళ క్రితం యుద్ధంలో రెండు సైన్యాలు ఒకరి మీద ఒకరు విసురుకున్నవి, పేలకుండా మిగిలిపోయినవి. రైతులు వాటిని తెచ్చి కరెంటు స్తంభాల కన్నాల్లో పెట్టి ఫోన్ చేస్తారు. మిలిటరీ వాళ్ళు వీలు చూసుకుని వచ్చి, పాలవాడు ఖాళీ సీసాలు తీసుకెళ్ళినట్టు తీసుకుపోతారు. స్తంభంలో బురదకొట్టుకుపోయిన ఇనప వస్తువుంటే ఇక్కడ పసిపిల్లవాడు కూడా దాన్ని ఫ్లాస్కనుకోడు.

భోజనాల వేళకి వానెస్ ఫోన్ మోగింది. అటు ఓడీల్.

"రేపు మీ రైడ్ ఈ దారిన కుదరదబ్బాయ్. స్తంభంలో గుండు ఉంది. ఎవడు పెట్టాడో వెధవ, నాతో మాట మాత్రం చెప్పలేదు."

వానెస్ కూడా ఈ మట్టిలో పుట్టినవాడే కదా. అతనికి మొదట వచ్చిన ఆలోచన, 'అమ్మో, గుండు పక్కనే ఫ్లాస్కు పెట్టానా!' అని. సగం దారి సైకిలు తొక్కాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు.

వెళ్ళేసరికి మిలిటరీ ట్రక్కు వచ్చేసి ఉంది. చుట్టుపక్కల తిరుగుతున్న బండే, పిలవగానే వచ్చింది. సార్జెంటమ్మ ఒకావిడ స్తంభం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఓడీల్, లీసలోట్ దూరంగా దడి దగ్గర నిలబడ్డారు.

"ఎవడో మూర్ఖుడు," అన్నాడు ఓడీల్. "తడిసిన గుండుని అలా కుక్కేశాడు."

"ఎవరైనా... పొరపాటున పెట్టి ఉంటారేమోనండీ," అన్నాడు వానెస్, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

"పొరపాటున గుండు పెడతారా?"

లీసలోట్ అతనికేసి చూసి, "పాపం, ఎవరో పిరికివాడై ఉంటాడు నాన్నా," అంది చాలా జాలిగా.

సార్జెంటమ్మ రెండు చేతులతో ఆ వస్తువుని మెల్లగా పైకి లాగింది. కొంచెం వంగింది. లోపల ఏదో గుళుక్కుమంది.

ఆవిడ బిగుసుకుపోయింది. చెవి దగ్గరగా పెట్టి వింది. మళ్ళీ గుళుక్.

"ద్రవం ఉంది!" అని అరిచింది. "గ్యాస్ గుండు! మాస్కులు! మీరంతా వెనక్కి, గాలికి ఎదురుగా! ఆవుల్ని తోలెయ్యండి! పక్కింటివాళ్ళకి చెప్పండి!"

ఓడీల్ మొహంలో రక్తం లేదు. ఆయన చిన్నప్పుడు ఆ విషపు గ్యాస్ తగిలి బొబ్బలెక్కిన పక్కూరి రైతు చేతులు చూశాడు. పార విసిరేసి, కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తబోయాడు. ఆ ముసలాయన కంగారు చూశాక వానెస్‌కి భయం, బిడియం అన్నీ ఒక్కసారిగా పోయాయి.

"గ్యాస్ కాదూ!" అని గొంతు చించుకున్నాడు. "చాక్లెట్! అది చాక్లెట్ పాలూ!"

అంతా ఆగిపోయారు. ఆవులు కూడా తలెత్తాయి.

"అది ఫ్లాస్కండీ! నేనే పెట్టాను! పొద్దున ఓడీల్ గారితో మాట్లాడదామని వచ్చి, ఆయన్ని చూసి భయమేసి, అందులో పెట్టి పారిపోయాను!"

"ఏం మాట్లాడదామని?" అడిగాడు ఓడీల్, ఇంకా రొప్పుతూ.

"మీ అమ్మాయంటే నాకిష్టమని! వంతెన కోసం కాదండీ, బాణాల కోసం కాదు, ఈమె కోసమే వస్తున్నాను! వంతెన మొదటి రోజు నుంచీ బాగానే ఉంది!"

సార్జెంటమ్మ మాస్కు పైకి తోసి, బురద గీకి, మూత తిప్పింది. ఆవిరి వచ్చింది. వాసన చూసి, మూతలో పోసుకుని ఒక గుక్క తాగింది.

"చక్కెర ఎక్కువైంది," అంది. "బాబూ, ఈ వంద చదరపు మైళ్ళలో ఇంత చోటుంటే నీకు స్తంభమే దొరికిందా?" అయితే మూత మళ్ళీ నింపుకుని, ట్రక్కులో ఉన్న కుర్రాడికి కూడా ఇచ్చింది.

ఓడీల్ దడికి చేరగిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు. "అది నీ ఫ్లాస్కని నీకు తెలుసా?"

"పొద్దున్న వంటింటి కిటికీలోంచి చూశాను. వచ్చాడు, పడ్డాడు, లేచాడు, పెట్టాడు, పారిపోయాడు."

"మరి చెప్పవేం? సైన్యాన్ని దింపాం కదే!"

"చెప్పాల్సింది నేను కాదు నాన్నా, అతను. నువ్వు ఫోన్ చేసినా సోమవారం దాకా ఎవరూ రారనుకున్నా. గ్యాస్ అనగానే నోరు తెరిచాను కూడా. నాకంటే ముందు తనే అరిచేశాడు." వానెస్‌ని తేరిపార చూసింది. తల నుంచి కాలిదాకా పొద్దుటి బురద ఇంకా అలాగే ఉంది, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "అరుపు బాగుందిలే. కాలువ అవతలకి కూడా వినబడి ఉంటుంది."

"ఇంకోసారి చెప్పమంటే మెల్లగా చెబుతాను," అన్నాడు వానెస్.

"చెబుదువుగానిలే, తొందరేముంది."

ట్రక్కు వెళ్ళిపోయింది. ఓడీల్ పార ఎక్కడ పడిందో వెతుక్కుని తెచ్చుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి, వానెస్‌ని చూడకుండా, లీసలోట్‌ని ఒక్కదాన్నే అడిగాడు.

"రేపు ఆ బురదలోకి నువ్వు కూడా పోతున్నావా?"

"యోమ్," అంది లీసలోట్.

మా యాసలో ఔను అనే మాట ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఎవరి తరఫున ఔనంటున్నామో కూడా అందులోనే కలిసి వస్తుంది. నువ్వు పోతున్నావా అంటే 'యోక్' అనాలి, ఔను నేను అని. అప్పుడప్పుడే మాటలు నేర్చే పిల్లలు కూడా అందులో తప్పు చెయ్యరు. యోమ్ అంటే, ఔను మేము.

వానెస్ ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. ఓడీల్ పార భుజాన వేసుకుని, ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పుకున్నట్టు పెదవులు కదిపాడు. దిద్దలేదు.

"రైడ్ అవగానే రండి, బఠాణీ సూప్ చేసి ఉంచుతాను," అన్నాడు ఇంటివైపు నడుస్తూ. "బూట్లు మాత్రం గుమ్మం బయటే విప్పాలి. ఇద్దరూ."