మూతి మీద చట్నీ

పెనుకొండ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివర, వేపచెట్టు కింద రంగు వెలిసిన సిమెంటు బెంచీ ఒకటి ఉంది. రంజాన్ నెలలో మధ్యాహ్నం పూట అక్కడికి ఎవరూ రారని అప్పట్లో సాదిక్ నమ్మకం.

అతనిది ధర్మవరం. హిందూపురం షాపులకు పట్టుచీరలు వేసేవాడు. ఉపవాసం, రోజా ఉన్నానని ఊళ్లో అందరికీ చెప్పి, దారిలో పెనుకొండలో దిగి, తెలిసిన మొహం లేని చోట ఇడ్లీ పొట్లం విప్పేవాడు.

ఒకరోజు ఆగలేక గోడ చాటునే సగం తినేసి వచ్చేసరికి, బెంచీ మీద తలమీద చున్నీ కప్పుకున్న ఒకమ్మాయి టిఫిన్ డబ్బా తెరిచి కూర్చుంది. తన చోటు పోయిందని అతనికి ఒళ్లు మండింది.

"పట్టపగలు తింటాండావే, రోజా లేదా?"

"నీకుండాదా?"

"ఉండాది!"

"మరి మూతి మీద చట్నీ యాడిది?"

సాదిక్ గబగబా తుడుచుకున్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకే పడిపోయానని తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో!

ఆమె పేరు సైమా. పెనుకొండలో లెక్కల టీచరు, ఇల్లు హిందూపురం. సంచిలోంచి ఇన్సులిన్ పెన్ను తీసి చూపించింది.

"నాకు షుగర్. హైస్కూల్లో ఉన్నప్పటినుంచి. రోజా ఉండొద్దన్నాడు డాక్టరు. నీకేమప్పా?"

"నాకా? గ్యాస్."

ఆ బెంచీ మీదే ఆమెతో కలిసి తింటూ, ఆ గ్యాస్‌తోనే చాలా రోజులు నెట్టుకొచ్చాడు. ఒకరోజు ఉన్నట్టుండి ఎండాకాలపు వాన పడింది. ఇద్దరూ షెడ్డు కిందికి పరుగెత్తారు. ఆ పరుగులో సాదిక్ సంచి జారి, అచ్చం ఆమె పెన్నులాంటిదే ఒకటి ఆమె కాళ్ల దగ్గర పడింది.

"గ్యాస్‌కు కూడా సూదేనా?"

"ఎవురికన్నా చెప్తివో, చూడు!" అని అరిచాడు.

సైమా కళ్లలో నీళ్లు తిరిగాయి. "భయమైతే నేను ఏడుస్తా, నువ్వు అరుస్తావు. నేను ఏడిస్తే, సంబంధాలు రావు గమ్మునుండు అంటారు. నువ్వు మగోడివని నిన్ను అడిగేవాళ్లే లేరు. ఇద్దరిదీ ఒకటే భయం సాదిక్. మా ఇంటికి ఇఫ్తారు విందుకు రా. మా నాయనకు నిజం చెప్పు. గ్యాస్ అనేటోన్ని నేను చేసుకోను."

చేసుకోను అన్న మాటలో చేసుకోవాలన్న కోరిక విని, సాదిక్ వానలో తడుస్తూ రైలెక్కాడు.

కానీ ఇఫ్తారుకు వెళ్లిన రోజు బుద్ధి మళ్లీ పాత దారే పట్టింది. కాబోయే మామ దగ్గర మంచి అనిపించుకోవాలని, పొద్దున సూది వేసుకుని కూడా నిజంగానే పస్తు ఉన్నాడు. పొద్దు వాలేసరికి షుగర్ మరీ పడిపోయి చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది.

"ఏమబ్బా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు సైమా నాయన సలాం.

"నాకేం? బాగుండా!" అని పెద్దాయన మీదే అరిచాడు.

ఆ అరుపు వంటింట్లోకి వినబడింది. సైమా షర్బత్ గ్లాసుతో పరుగున వచ్చింది.

"తాగు."

"మసీదులో ఇంకా అజాన్ కాలేదే!" అన్నాడు సలాం.

"తాగు సాదిక్!"

తాగాడు. కాసేపటికి వణుకు తగ్గింది. అందరూ అతన్నే చూస్తున్నారు. గ్యాస్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సైమా తల వంచుకుని నిలబడింది. ఆ మాట అంటే ఆమె ఇక దక్కదని అతనికి తెలుసు.

"నాకు షుగర్ మామా. శానా భయమైతాంది. ఇంతవరకూ ఎవురికీ చెప్పలే." అంతే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

సైమా అవ్వ జైతున్‌బీ వచ్చి అతని వీపు నిమిరింది. "ఒంట్లో బాగలేనోళ్లను రోజా వద్దని ఆ అల్లానే వదిలిపెట్నాడు గదప్పా, ఇంకెవురికి భయపడి దాచినావు?" అని కొడుకు వైపు తిరిగింది. "సలామూ, ఈ పిల్లోనికి ఏడ్చేది వచ్చింది. మన పిల్లనిచ్చేయ్."

ఇప్పుడు సాదిక్, సైమాల ఇంటి ఫ్రిజ్‌లో రెండు పెన్నులు ఒకే డబ్బాలో ఉంటాయి. దాక్కోవలసిన పని లేకపోయినా, రంజాన్ వస్తే ఒక్కసారైనా ఆ బెంచీ దగ్గర దిగుతారు.

మొన్న కూడా దిగారు.

"కొత్త రిపోర్టు చూస్తే భయమైతాంది సైమా," అన్నాడు సాదిక్ మెల్లగా.

"నాకు కోపమొస్తాండాది! మీ చుట్టాల పెండ్లిలో అంత అన్నం ఎవురు తినమన్నారు నిన్ను?" అని స్టేషనంతా వినబడేట్టు అరిచింది సైమా.

అరిచి, చున్నీ అంచుతో అతని మూతి మీది చట్నీ తుడిచింది.