తునికాకు గోదాంల గుండుగాడు

చండ్రుగొండ ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనంగ, రోడ్డుకు ఎడమ దిక్కు టేకు చెట్ల సందుల ఒక పొడుగు గోదాం ఉంటది. ఇప్పుడు రేకులు లేవు, ఉత్త గోడలే. వాన పడ్డా మేకలు అందులకు పోవు. రాత్రిపూట ఆటోవాళ్లు ఆ ముక్క కాడికి రాంగనే పాటల సౌండ్ పెంచుతరు... ఎందుకన్నా అని అడుగు, చెప్పరు.

మీరు నవ్వుతరని నాకు ఎరుకే. నవ్వుండ్రి. మొత్తం చదివినంక నవ్వుండ్రి.

ఇది నేను అల్లింది కాదు. మా లాలుగాని చిన్నాయన తుల్సీరాంకు అయింది. ఆయన లాలుగానికి చెప్పిండు, వాడు నాకు చెప్పిండు. తొంభై ఎనిమిదిల ముచ్చట.

అది మొదలు తునికాకు గోదాం. బీడీల ఆకు కట్టలు పేర్చేటోళ్లు. తర్వాత ఖాళీ పడ్డది. మధిర నుంచి వెంకటనారాయణ సార్ అని ఒకాయన వచ్చి, ఆకంతా ఊడ్పించి, సున్నం కొట్టించి, ఎనిమిది కంప్యూటర్లు పెట్టిండు. ఏం చేస్తరయ్యా అంటే — ఆటలు. అవ్, వీడియో గేములు. మద్రాసుల ఒక కంపెనీ ఆర్డర్ ఇస్తది, వీళ్లు చేసి పంపుతరు. గోదాం సార్ మేనమామది, కిరాయి లేదు, గందుకే ఈ అడవిల పెట్టిండు. చుట్టు ఊర్లకెళ్లి ఏడుగురిని పనిల పెట్టుకున్నడు.

తుల్సీరాం బొమ్మలు గీసేటోడు. తండా పిలగాడు, ఇరవై రెండేండ్లు, ఇంటర్ ఫెయిల్. కానీ చెయ్యి చూడాలె... చుక్క పక్కన చుక్క పెట్టి టేకు చెట్టు దించేటోడు, వాగు దించేటోడు, నీళ్లల్ల నీడతో సహా. ఆటల నడిచే మనిషికి జుట్టు పెడదామంటే చుక్కలు సాలలే. గుండు పెట్టి ఇడిసిండు. ఇగ అందరు వాన్ని గుండుగాడు అనుడు మొదలువెట్టిండ్రు.

జూన్ల ఆఖరి సోమవారం, పొద్దున పదకొండు గంటలైతాంది. సార్ లేచి నిలబడ్డడు. చేతిల మద్రాసు ఉత్తరం.

"వాళ్లు ఆట వద్దన్నారు. ఎక్కడున్నది అక్కడే ఆపేయమన్నారు. రేపట్నుంచి ఎవరూ రావొద్దమ్మా..."

గంతే. మూడేండ్ల కొలువు, ఏడుగురిది, మూడు మాటలల్ల పోయింది. చాయ తాగేటోడు గ్లాసు చేతిలనే పట్టుకొని బయటికి వచ్చిండు. సార్ మొఖం ఎవరు చూడలే, సార్ కూడ ఎవరి మొఖం చూడలే. తలుపుకు తాళం పడ్డది.

రెండు నెలలు కాకముందే గోదాంకు పేరు పడ్డది.

కంపెనీ మూసినంక ఆ ఏరియాల కోతలు మొదలైనయి, కరెంటు రాత్రి పదింటికి గాని రాకపోయేది. పది కొట్టంగనే... తాళం వేసిన గోదాం కిటికీల నీలం వెలుగు. లోపల ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. నడుస్తది... ఆగుతది... మళ్ల మొదటికెళ్లి నడుస్తది. తెల్లారేదాక గదే.

ఆ గోదాంల ఒక్క ఆకు లేక మూడేండ్లు.

ఇగ తుల్సీరాం సంగతి. హైదరాబాదుల ఒక కంపెనీ వాళ్లు పిలిచిండ్రు. ఎల్లుండి రా, నువ్వు గీసినయి తీసుకరా, చూసి చెప్తం అన్నరు. ఆయన దగ్గర డిగ్రీ కాయితం లేదు. ఉన్నదల్ల ఆ బొమ్మలే. ఆ బొమ్మలు గోదాంల, ఆయన కూసున్న కంప్యూటర్ల. గోదాం బయట ఇంకో కాపీ ఏడ లేదు.

పొద్దున లేచి మధిర పోయిండు. సార్ తాళంచెవి చేతిల పెట్టిండు.

"తీసుకోరా, నీ పనేగా. కానీ ఈ రాత్రికే. రేపు ఏడింటికి లారీ వస్తుంది. మిషన్లన్నీ బెజవాడ వాడికి ఇచ్చేశాను."

ఆఖరి బస్సు దిగేవరకు తొమ్మిదిన్నర. రోడ్డుకు ఈ దిక్కు సైదమ్మ చాయ డబ్బా ఒక్కటే తెరిచి ఉన్నది, గుడ్డి దీపం పెట్టుకొని. ఆమె తుల్సీరాంను గుర్తుపట్టింది. మూడేండ్లు చాయ పోసిన చెయ్యి గద.

"ఏడికి కొడుకా ఈ యాళ్లప్పుడు?"

"గోదాంలకే అవ్వా. నా బొమ్మలున్నయి."

సైదమ్మ గ్లాసు కడుగుడు ఆపింది. "పొద్దుగాల పో."

"పొద్దుగాల లారీ వస్తది."

"వస్తే రానీ. నీ బొమ్మలు బంగారమా?"

"నాకు గవే అన్నం అవ్వా."

ఆమె చాయ పోసి, గొంతు తగ్గించి అన్నది — "లోపల జంపయ్య ఉన్నడు. నువ్వు పిలవకు... వాడు పిలిస్తే పలకకు."

జంపయ్య ఎవడంటే, ఆ ఏడుగురిల ఒకడు. కోయ పిలగాడు, అడవి లోపటి ఊరు. వానికి కంప్యూటర్ రాదు, ఇంగ్లీషు రాదు. వాని పని ఒక్కటే — తయారైన ఆటను పొద్దంతా ఆడుడు, ఏడ తప్పున్నదో చెప్పుడు. ఆట ఏడ ఆగిపోతదో వానికే తెలుస్తుండె. కంపెనీ మూసినంక ఊరికి పోయిండు. జులై వానలకు వాగు దాటబోయి కొట్టుకపోయిండు. మూడో నాడు దొరికిండు, చింతచెట్టు వేర్లల్ల.

తుల్సీరాం చాయ సగమే తాగిండు.

పది అయింది. సైదమ్మ డబ్బాల బల్బు టక్కున వెలిగింది... గదే టైంకు, రోడ్డవతల, గోదాం కిటికీల నీలం వెలుగు.

సైదమ్మ డబ్బా తలుపు దగ్గరికి ఏసుకున్నది.

తుల్సీరాం రోడ్డు దాటిండు. తలుపు కాడ నిలబడి చెవి పెట్టిండు.

కర్... కర్... కర్... కర్...

ఎండుటాకులు. ఎవడో తాపీగ నడుస్తుండు. ఆగిండు. కొంచెంసేపు ఏం లేదు. మళ్ల మొదటికెళ్లి — కర్... కర్...

తాళం తీసిండు. తలుపు నూకితే లోపల సల్లగున్నది, ఆగస్టుల, రేకుల కింద. స్విచ్ వేసిండు. లైటు రాలే. ట్యూబులు ఎవడో పీక్కపోయిండు అనుకున్నడు. ఎనిమిది కంప్యూటర్లల ఏడు గుడ్డలు కప్పుకొని వరుసగ కూసున్నయి... పీనుగులకు కప్పినట్టు. ఒక్కదాని మీద గుడ్డ లేదు. అది వెలుగుతున్నది.

జంపయ్య కూసుండే మిషన్ అది.

కుర్చీ ఖాళీ. తెర మీద గుండుగాడు నడుస్తుండు. తనే గీసిన టేకు చెట్లు దాటుకుంట, కర్ కర్ మని. కీబోర్డు మీద ఎవరి చెయ్యి లేదు.

అప్పుడు తుల్సీరాంకు యాదికొచ్చింది. వచ్చి, నవ్వు కూడ వచ్చింది. మద్రాసోళ్లకు చూపెట్టనీకె జంపయ్య ఆడిన ఆటను రికార్డు చేసి పెట్టిండ్రు గద. మిషన్ ఆన్ అయితే సాలు, ఎవరు ముట్టకున్నా అదే ఆట ఆడుకుంటది. ఆ సోమవారం గాబరాల ఈ మిషన్ స్విచ్ తియ్యలే. రోజు రాత్రి కరెంటు వస్తది, మిషన్ లేస్తది, గుండుగాడు నడుస్తడు. ఆకుల చప్పుడంటవా... అది కూడ జంపయ్యదే. బయట తునికాకు పరిచి, వాన్ని నడిపించి, మైకుల పట్టిండ్రు.

"థూ..." అని మెల్లగ అనుకున్నడు. "ఊరంతా దీనికా భయపడ్డది."

ఆయన కంప్యూటర్ పక్కదే. దాని స్విచ్ వేస్తే లేవలే. ఒకటికి నాలుగు సార్లు వేసిండు. అయితేంది, రెండింటిని వైరుతో కలిపి ఉంచేటోళ్లు, అన్ని బొమ్మలు జంపయ్య మిషన్ల కూడ ఉంటయి. నిలబడే, ఎస్కేప్ కొట్టిండు. ఆట పోయింది, నల్ల తెర వచ్చింది. జేబుల నుంచి ఫ్లాపీ తీసి పెట్టిండు. కాపీ అని కొట్టబోయిండు —

తెర వెలిగింది. గుండుగాడు నడుస్తుండు.

ఏదో బటన్ తగిలింది కావచ్చు. మళ్ల ఎస్కేప్. మళ్ల నల్ల తెర. ఈసారి రెండు చేతులు పైకి లేపి చూసిండు. ఏం ముట్టలే.

కర్... కర్... కర్...

పరుగెత్తాలె అనిపించింది. తలుపు పది అడుగులే... కానీ ఫ్లాపీ ఖాళీగున్నది. ఖాళీ ఫ్లాపీతో పోతే మళ్ల తండాల పత్తి ఏరుడే.

పోలే. చూసుకుంట నిలబడ్డడు.

గుండుగాడు ఆఖరి వాగు కాడికి వచ్చిండు. వచ్చి ఆగిండు. వంగి లేచిండు.

అది జంపయ్య అలవాటు. ఆటల ఏ వాగొచ్చినా గుండుగాన్ని ఒకసారి వంచి లేపేటోడు. టైం దండుగ రా అని అందరు మొత్తుకుంటే, "మావోళ్లు వాగుకు మొక్కకుండ కాలు పెట్టరన్నా" అనేటోడు. మద్రాసోళ్లకు పెట్టిన రికార్డుల అది లేదు.

గుండుగాడు దుంకిండు. నడుమ బండ అందలే. నీళ్లల్ల పడ్డడు. మునిగిండు. మళ్ల మొదటికెళ్లి నడక.

ఆ బండ.

జంపయ్య వారం రోజులు చెప్పిండు. "అన్నా, ఆ బండ దూరమున్నది. ఎంత దుంకినా అందుతలేదు. జర దగ్గరికి జరుపు." తుల్సీరాం "రేపు జరుపుత తియ్" అన్నడు. రోజు రేపే. సోమవారం కంపెనీ మూసిండ్రు. మంగళవారం జంపయ్య ఒక్కడే వచ్చి, తాళమున్న తలుపు ముంగట కూసున్నడు. సామాను తీసుకపోనీకె వచ్చిన తుల్సీరాంను అడిగిండు — "బండ జరిపినవా అన్నా?"

"ఆట లేదు, కంపెనీ లేదు. ఏం బండరా? పో ఇంటికి" అని కసిరిండు తుల్సీరాం.

పోయిండు. ఇంటికి వాగు దాటే పోవాలె.

తెర మీద గుండుగాడు మళ్ల పడ్డడు. ఎన్నోసారి... రెండు నెలల సంది, రాత్రికి ఎన్ని సార్లు...

తుల్సీరాం కుర్చీ గుంజుకొని కూసున్నడు. జంపయ్య కుర్చీల. ఒక్క మాట కొట్టనీకె మూడు సార్లు తప్పు పోయింది. ఎస్కేప్ కొట్టి, బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచిండు.

ఈసారి ఆట అడ్డం రాలే. తెర కదలకుండ ఉన్నది... ఎవరో ఎనక నిలబడి చూస్తున్నట్టు.

ఎనకకు తిరగలే.

వాగు బొమ్మ తీసిండు. బండను పట్టి రెండు గళ్లు ఇవతలికి జరిపిండు. రెండు గళ్లే. అర నిమిషం పని. సేవ్ చేసి ఆట మొదలువెట్టిండు.

"చూడు..." అన్నడు. అనొద్దనుకున్నడు గానీ నోట్లకెళ్లి వచ్చింది. "జరిపిన తమ్మీ. చూడు."

గుండుగాడు నడిచిండు. వాగు కాడ ఆగిండు. వంగిండు, లేచిండు. దుంకిండు —

బండ మీద పడ్డడు. ఇంకో దుంకు. అవతలి ఒడ్డు.

వాగు అవతల తుల్సీరాం ఏమి గీయలే. అంతవరకే అయింది పని. అంతా నలుపే. గుండుగాడు ఆ నలుపులకు నడుచుకుంట పోయిండు... తెర అంచు దాటిండు.

కర్ కర్ ఆగలే.

తెర మీద మనిషి లేడు. చప్పుడు ఉన్నది. అది స్పీకర్లకెళ్లి వస్తలేదు. కుర్చీ ఎనకకెళ్లి వస్తున్నది. ఎండుటాకులు తొక్కుకుంట, తాపీగ, గచ్చు మీద... ఆయన ఎడమ భుజం పక్క నుంచి పోయింది. తలుపు దిక్కు పోయింది. తలుపు కొంచెం కదిలింది. బయట నిజం ఆకుల మీద పడ్డంక, ఏది ఏందో తెల్వకుండ పోయింది.

ఎంతసేపు కూసున్నడో ఎరుక లేదు. నల్ల తెర మీద గీత ఒక్కటి టకటక కొట్టుకుంటుండె. కాపీ అని కొట్టిండు. ఫ్లాపీ గర్రుమన్నది, బొమ్మలన్నీ ఎక్కినయి. తీసి జేబుల పెట్టుకొని, ఏది ఆర్పకుండ, తాళం కూడ వెయ్యకుండ ఉరికిండు. తెల్లారేదాక సైదమ్మ డబ్బా అరుగు మీద కూసున్నడు. ఆమె తలుపు తియ్యలే, కానీ లోపల మేల్కొనే ఉన్నది, దగ్గు వినిపించింది. లారీ రాకముందే మొదటి బస్సెక్కిండు.

హైదరాబాదోళ్లు బొమ్మలు చూసిండ్రు. వాగు బొమ్మ కాడ ఆగి, నీళ్లల్ల నీడ ఎట్ల దించినవయ్యా అని అడిగిండ్రు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు.

పదిహేను రోజులకు స్వీటు డబ్బ పట్టుకొని మధిర పోయిండు, సార్‌కు చెప్పనీకె. సార్ మస్తు ఖుషీ అయిండు. ఎదురుంగ కూసోపెట్టి కాఫీ ఇప్పిచ్చిండు.

"ఇంతకీ బొమ్మలెట్లా తెచ్చుకున్నావురా? మిషన్ విప్పి డిస్కు ఊడదీశావా?"

"లేదు సార్. ఫ్లాపీల ఎక్కించుకున్న. కరెంటు ఉండె గద."

సార్ కప్పు కింద పెట్టిండు.

"కరెంటెక్కడిదిరా? మనం మూసిన వారానికే మీటరు తీసుకెళ్లమని నేనే రాసిచ్చాను. స్తంభం నుంచి వైరు కూడా కోసేశారు. లారీవాడు పొద్దున్నే లాంతరు పట్టుకుని సామాను ఎక్కించుకున్నాడు."

తుల్సీరాం స్వీటు డబ్బ మూత మళ్ల పెట్టిండు.

"వాడొకటే గొణుగుడు" అని సార్ నవ్విండు. "ఏడు మిషన్లు మంచులా ఉన్నాయంట. ఒక్కటి మాత్రం... చెయ్యి కాలింది సార్ అంటాడేంటి."