మూడో పంపు దగ్గర పిలుపు

కనుమ దిగి సరిహద్దు దాటగానే రెండో మలుపులో ఉన్న పెట్రోలు బంకు మంచిది కాదని ఆ దారిన బండి నడిపే ప్రతివాళ్లకీ తెలుసు. పగలైతే ఆగుతారు. చీకటి పడ్డాక మాత్రం... ట్యాంకులో చుక్క లేకపోయినా సరే, బండిని పల్లానికి దొర్లించుకుపోతారు గానీ అక్కడ బ్రేకు మీద కాలు వెయ్యరు.

ఎందుకంటే, అక్కడ పంపు మాట్లాడుతుందట.

మనిషి కాదు – పంపు. ఎవరో ఒకరు వచ్చి పోస్తారులే అని బండి ఆపుకుని కూర్చుంటే ఎవరూ రారు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పురుగులు వాటి చుట్టూ ముసురుతూనే ఉంటాయి. అంతలో ఆ ఇనుప స్తంభంలోంచి బొంగురు గొంతు ఒకటి... "లోపలికి రండి..." అంటుందట. ఒక లారీ డ్రైవరు ట్యాంకు మూత అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. ఇంకొకడు మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. వెనకటికి అక్కడ ఎవరో పోయారని కొందరు, అబ్బే అదేం లేదని కొందరు. చెప్పుకునేవాళ్ల నోటికి తాళం ఎవరేస్తారు!

ఇక ఇది జరిగింది ఒక అత్తాకోడళ్లకి.

కోడలు స్కూలు బస్సు నడుపుతుంది. నలభైమంది పిల్లల గోలని వీపు వెనక పెట్టుకుని, అద్దంలోంచి ఒక్క చూపుతో అదుపు చెయ్యగల మనిషి. అత్తయ్య మనసు వెన్న, నోరు మాత్రం ఆగని గడియారం. ఆ సాయంత్రం అత్తయ్య కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. ఆసుపత్రి కనుమ అవతల, సరిహద్దు దాటాక. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోడలు ఉన్నపళంగా కారు తీసింది. ఆ హడావిడిలో పెట్రోలు సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

కనుమ ఎక్కుతుండగా ఎర్ర దీపం వెలిగింది.

"అదేమిటమ్మాయ్, ఆ ఎర్రది?"

"ఏం లేదత్తయ్యా. కిందికి దిగగానే బంకు ఉంది, పోయించుకుందాం."

అత్తయ్య సీటులో ముందుకి జరిగింది.

"ఆ రెండో మలుపులో ఉన్నదేనా?" అంది మెల్లగా.

కోడలు చటుక్కున తిరిగి చూసింది. "మీకూ తెలుసా?"

"అబ్బాయి చెప్పాడు. నువ్వు భయపడతావని నీకు చెప్పొద్దన్నాడు."

"నాకూ ఆయనే చెప్పారు. మీరు భయపడతారని మీకు చెప్పొద్దన్నారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు మలుపు దాకా నిలవలేదు.

తొమ్మిది దాటింది. రోడ్డు మీద నరపురుగు లేదు. బంకులో దీపాలున్నాయి, మనిషి జాడ లేదు. గాజు గదిలో కూడా వెలుతురు ఉంది గానీ, బల్ల వెనక కుర్చీ ఖాళీ. కోడలు మూడో పంపు పక్కన కారు ఆపి, అలవాటు కొద్దీ అద్దం దించి కూర్చుంది. వాళ్ల వైపు అంతేగా... కుర్రాళ్లు వస్తారు, పోస్తారు, కిటికీలోంచి డబ్బు తీసుకుంటారు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎవరూ రాలేదు.

"ఇక్కడ మనమే పోసుకోవాలేమో అత్తయ్యా."

"ఇదెక్కడి చోద్యమే! హోటలుకెళ్లి మనమే వండుకున్నట్టు."

కోడలు దిగింది. వెనక అత్తయ్య నాలుగు తలుపులూ గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. గొట్టం తీసి ట్యాంకులో పెట్టి నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. లేదు. ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడింది...

టక్.

పంపు లోపల ఏదో కదిలింది. అంకెలన్నీ సున్నాలయ్యాయి. చేతిలో గొట్టం ఒక్కసారి బరువెక్కి, పెట్రోలు పారడం మొదలైంది.

హమ్మయ్య అనుకుంది. ట్యాంకు సగం నిండింది. గొట్టం తీసి తగిలించబోతుంటే – చెవి పక్కనే, ఆ ఇనుప స్తంభంలోంచి –

"లో...పలికి..."

గొట్టం చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది.

"లో...పలికి... రం..."

కారు అద్దం బెత్తెడు దిగింది. అత్తయ్య గొంతు గుసగుసలా వచ్చింది. "ఎక్కు. నీకు దణ్ణం పెడతాను, ఎక్కవే!"

"డబ్బు కట్టలేదు అత్తయ్యా."

"దెయ్యానికి బాకీ పడితే పడ్డాం! నా కూతురు అక్కడ నొప్పులు పడుతోంది, ఎక్కు!"

కోడలు కారు తలుపు మీద చెయ్యి వేసింది కూడా. కాళ్లు పోదాం పోదాం అంటున్నాయి. ఇంతలో మళ్లీ వినపడింది. ఈసారి మాట లేదు. ఊపిరి మాత్రమే. ఎగదన్నుతూ, మధ్యలో తెగిపోతూ... ఆ చప్పుడు ఆమె ఎరుగును. బస్సులో ఒకసారి ఒక పసివాడు కళ్లు తేలేసినప్పుడు ఇలాగే విన్నది.

"అత్తయ్యా," అంది, "దెయ్యానికి ఊపిరే ఉండదు. ఆయాసం ఎక్కణ్నుంచి వస్తుంది?"

అత్తయ్య జవాబు కోసం కోడలు ఆగలేదు. గాజు గది వైపు నడిచింది. నడిచింది అంటున్నాను గానీ, ఒక్కొక్క అడుగూ ఊబిలోంచి పీక్కుంటున్నట్టు వేసింది. తలుపు తోసింది. లోపల చల్లగా ఉంది. ఫ్రిజ్ గుయ్యిమంటోంది. బల్ల మీది మైకు తీగ బిగుతుగా సాగి, అవతలి వైపు కిందికి దిగి ఉంది.

బల్ల అంచు పట్టుకుని వంగి చూసింది.

నేల మీద అరవై ఏళ్ల మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. మైకు గుండెల మీద ఉంది, వేళ్లు దాన్ని వదలడం లేదు. మెడలో తాడుకి వేలాడుతున్న చీటీ మీద చక్కెర వ్యాధి అని రాసుంది.

ఒంట్లో చక్కెర పడిపోయిందని అర్థమయ్యాక ఆమెకిక భయపడే తీరిక లేదు. ఫ్రిజ్ తలుపు లాగి పళ్లరసం సీసా తీసింది. ఆయన తల తన ఒళ్లోకి ఎత్తుకుని, గుటక పడుతోందో లేదో చూసి, పిసరు పిసరుగా పోసింది. "మింగండి బాబాయ్... ఇంకొంచెం... ఆ, అంతే." ఒక చేత్తో పోస్తూ, రెండో చేత్తో బల్ల మీది ఫోను లాగి అంబులెన్సుకి చెప్పింది. పావుగంటలో వచ్చింది. అప్పటికి ఆయన కళ్లు తెరిచాడు గానీ, మాట రాలేదు.

ఆ రాత్రి ఒంటిగంటకి అత్తయ్యకి మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆరో రోజు తిరిగి వస్తూ, మిట్టమధ్యాహ్నం వేళ, కోడలు అదే బంకులో కారు ఆపింది. ఆ రాత్రి పెట్రోలు డబ్బు కట్టనే లేదు మరి. ఈసారి అత్తయ్య కూడా దిగింది. గాజు గదిలో బంకాయన కుర్చీలో ఉన్నాడు. కాస్త చిక్కాడు గానీ, మనిషి తేటగా ఉన్నాడు. కోడల్ని చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు.

"ఇంకో అరగంటైతే దక్కేవాణ్ని కాదన్నాడమ్మా డాక్టరు."

అదే గొంతు. బొంగురుగా, తుప్పు పట్టిన కీలులా. అత్తయ్య కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గొంతుకి ఆపరేషన్ అయిందమ్మా, అప్పట్నుంచీ ఇంతే," అన్నాడాయన. "మీ వైపు మనుషులొచ్చి పోస్తారు, పోశాక డబ్బు. ఇక్కడ లెక్క వేరు. ముందు లోపలికొచ్చి డబ్బు కట్టాలి. నేనీ మీట నొక్కాలి. అప్పుడు గానీ పంపు వదలదు, ఎవరి బండికి వాళ్లే పోసుకోవాలి. అది తెలియక మీ వైపు బండ్లు వచ్చి అలా కూర్చుంటాయి. నేను మైకులో లోపలికి రమ్మని పిలుస్తాను, అది పంపులో ఉన్న స్పీకర్లోంచి వినిపిస్తుంది. వాళ్లేమో..."

"పారిపోతారు!" అంది అత్తయ్య. నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "అయ్యో రామా! ఇన్నేళ్లూ జనం దెయ్యమన్నది నిన్నా నాయనా!"

ఆయన కూడా నవ్వాడు. కోడలు పర్సులోంచి నోట్లు తీసి బల్ల మీద పెడితే వద్దని వెనక్కి తోశాడు. తర్వాత వాళ్ల భుజాల మీదుగా కారు వైపు చూశాడు.

"ఆవిడ రాలేదా అమ్మా?"

"ఎవరు?"

"ఆ రాత్రి మీకంటే ముందు లోపలికొచ్చినావిడ. నేను కింద పడి చాలాసేపయింది. పైకి లేవలేను, బల్ల అందదు. ఆవిడ వచ్చి పక్కనే కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఎవరో వచ్చారు, వెళ్లిపోనివ్వకు, పిలువు – అని మైకు దించి నా చేతికిచ్చింది. మీకు మీట నొక్కింది కూడా ఆవిడే. లేకపోతే మీకు చుక్క రాదుగా..."

"ఆ రాత్రి వచ్చింది మేమిద్దరమే బాబాయ్," అంది కోడలు. "అత్తయ్య కారు దిగనే లేదు."

బంకాయన అత్తయ్యకేసి చూశాడు. ఆ రాత్రి ఆవిడ పట్టుకున్న తన కుడి చేతికేసి చూసుకున్నాడు.

బయట మూడో పంపు దగ్గర ఏదో బండి వచ్చి ఆగింది. డ్రైవరు అద్దం దించి, ఎవరైనా వస్తారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు. బంకాయన మైకు అందుకున్నాడు గానీ... పిలవకుండా, ఆవిడ కూర్చున్న చోటుకేసి చూస్తుండిపోయాడు.