నౌబత్ పహాడ్ ఎక్కని కారు

ఆదివారం ఉదయం నౌబత్ పహాడ్ ఎక్కే దారిలో సగం దూరం కూడా పోకుండానే రామచందర్ పాత ఫోక్స్‌వాగన్ దగ్గుతూ ఆగిపోయింది. భార్య విద్యావతి తలుపు తీసుకుని దిగింది. కుచ్చిళ్లు సర్దుకుని గుట్ట మీది గుడి దాకా నడిచే వెళ్లింది. దర్శనం చేసుకుని తిరిగి వచ్చేసరికి భర్త, కూతురు మృదుల కారును కిందివైపు తిప్పి నిలబెట్టారు.

"మీ నాన్నకు చెప్పు," అంది కూతురితో. భర్త మీద చులకన కలిగినప్పుడల్లా ఆమె కూతురి ద్వారానే మాట్లాడుతుంది. "నలభై గుర్రాల బలమని గొప్పలు చెప్తడు గదా. దాంట్ల ఒక్క గాడిద గూడ లేదు. సాయంత్రం తుక్కాయన వస్తడు, ఇచ్చి పంపియ్యమను."

కారు గుట్ట ఎక్కితే ఉంచుకోవడం, ఎక్కకపోతే తుక్కుకు వేయడం. ఆమె పెట్టిన షరతు అదే.

రామచందర్ గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లికి ముందు కొన్న కారు అది. అబిడ్స్‌లో అది వెళ్తుంటే సైకిళ్లు దాటిపోయేవి. దుకాణాల వాళ్లు నవ్వేవారు. విద్యావతి చుట్టాల ఇళ్లలో ఆ నవ్వులనే కథలుగా చెప్పి అందరినీ నవ్వించేది. అతను ఎప్పుడూ జవాబివ్వలేదు. చేతకానివాడు కాబట్టే మాట్లాడడని ఆమె తేల్చుకుంది.

తల్లి నోరే కూతురికీ వచ్చింది. ఇంజినీరింగ్ చదువుతున్న మృదులకు ఆ ఇంజిన్ అంటే మాత్రం ప్రాణం. కారు వెనక ఉండే ఇంజిన్ అది. నీళ్లు అక్కర్లేదు, గాలికే చల్లబడుతుంది. బలం పెంచాలని ఆమె పెద్ద కార్బురేటర్ బిగించింది, పొగగొట్టం మార్చింది. అయినా గుట్ట దగ్గర కారు ఓడిపోయింది.

"నువ్వు నడిపితే విమానం గూడ నడుస్తది నాన్నా, ఎగరదు," అంది నాంపల్లిలోని ఇంటికి వచ్చాక.

మధ్యాహ్నం మృదుల ఇంజిన్ నడుస్తుండగా వెనక మూత ఎత్తి, కార్బురేటర్ మీటను చేత్తో లాగింది. ఇంజిన్ గర్జించింది, కిటికీ అద్దాలు అదిరాయి. ముందు కూర్చున్న తండ్రిని పెడల్ మొత్తం తొక్కమంది. ఇంజిన్ మూలిగింది, అంతే. మొత్తం తొక్కానన్నాడు ఆయన. మృదుల ముందుకు వచ్చి, ఆయన కాళ్ల దగ్గర వంగి రబ్బరు పట్టా ఎత్తింది. పెడల్ కింద ఒక చెక్కముక్క బిగించి ఉంది. పెడల్ సగంలోనే దానికి తగిలి ఆగుతోంది.

ఆమె పడీపడీ నవ్వి తల్లిని పిలిచింది. "చూడమ్మా. గీ చెక్క పెట్టినోని తెలివికి దండం పెట్టాలె."

"నేనే పెట్టిన," అన్నాడు రామచందర్.

"అనుకున్న," అంది విద్యావతి. "గిట్లాంటి పని ఈ ఇంట్ల ఇంకెవరు చేస్తరు?"

ఎందుకు పెట్టావని మృదుల అడిగింది. ఆయన ఇంజిన్ ఆపాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. మృదుల పుట్టకముందు మాట, విద్యావతి కడుపులో మరో బిడ్డ, ఏడో నెల. కాచిగూడ స్టేషన్ నుంచి వస్తూ, సరదాకి కారును వేగంగా పోనిచ్చాడు. గుంతలో పడింది. బిడ్డ దక్కలేదు.

"దవాఖాన కాడికెల్లి ఇంటికొస్తుంటే మీ అమ్మ ఒక్కటే మాటన్నది. ఇగ నన్ను కూసోబెట్టుకొని ఈ బండిని ఉరికియ్యకుండ్రి అని. నా కాలు మీద నాకే నమ్మకం లేకుండె. అందుకే చెక్క పెట్టిన."

విద్యావతికి ఆ గుంత గుర్తుంది. ఒట్టి చేతులతో ఇంటికి రావడం గుర్తుంది. తాను అన్న ఆ మాట మాత్రం గుర్తులేదు. ఆ మాటనే పట్టుకుని ఈ మనిషి ఇన్నేళ్లు ఊరందరి నవ్వూ భరించాడు. కారు తుక్కుకు పోతుందన్నా చెక్క తీయలేదు.

"నేను గన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలే?" అంది. ఈసారి కూతురి వైపు చూడలేదు.

"చెప్తే బిడ్డ యాదికొస్తది గదా నీకు."

మృదుల తలెత్తలేకపోయింది. తుక్కాయనకు ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తుప్పు పట్టిన మరలు విప్పి చెక్కను బయటికి తీసింది.

విద్యావతి వచ్చి భర్త పక్క సీట్లో కూర్చుంది. ఆయన కారు స్టార్ట్ చేసి పెడల్ నొక్కాడు. చెక్క లేకపోయినా కాలు ఎప్పటిచోటే ఆగిపోయింది.

"తొక్కుండ్రి," అంది విద్యావతి.

ఆయన ఆమె వైపు చూశాడు.

"ఇంకా తొక్కుండ్రి. నేనే చెప్తున్న." భర్త మోకాలి మీద చెయ్యి వేసి తానే కిందికి నొక్కింది.