ఇంజనుకు అప్పడాల పిండి

మస్తానమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని ఆయిలింజను పక్కన కూర్చుని చాలాసేపయింది. ఇంజను దడదడమంటోంది. బావిలోని నీళ్లు గొట్టంలోంచి దూకి, కాలవ వెంట నారుమడికి పరుగెడుతున్నాయి. ఇంజను నెత్తిమీదున్న ఇనపమూత కింద నుంచి మాత్రం నల్లటి నూనె బొట్టుబొట్టుగా కారుతోంది. ఆ బొట్లు చిప్పలో పట్టడమే మస్తానమ్మ పని.

దొరవారిసత్రం పక్కనున్న ఆ పల్లెలో అదొక్కటే ఆయిలింజను. నిన్నమొన్నటిదాకా అందరిలాగే మస్తానమ్మ నాయన హజరత్తయ్య కూడా ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడినవాడే. అందుకే ఆయనకు ఇంజనంటే ప్రాణం.

"మూతకీ ఇంజనుకీ మధ్య సందు లేకుండా బెండుపట్టీ ఒకటి ఉంటాది. దాన్నే ప్యాకింగు అంటారు. అది చెడిపోయింది" అని పొద్దున్నే చెప్పినాడు. "రేపు నాయుడుపేట నుంచి మెకానిక్కు నాగుల్ మీరా వచ్చి మారుస్తాడు. అందాకా నూనె నేలపాలు కాకుండా చూడు."

గట్టు అవతల పిల్లలు అచ్చనగాయలు ఆడుతున్నారు. ఆదివారం పూట చిప్ప పట్టుకుని కూర్చోవాలంటే మస్తానమ్మకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం నాయన ఇంజను ఆపి అన్నానికి వెళ్లినాడు. మస్తానమ్మ కూడా ఇంటికెళ్లింది. పంచలో అవ్వ వెంకటశేషమ్మ అప్పడాలు వత్తుతోంది. పక్కనే గిన్నెలో పిండి, మెత్తగా, జిగురుగా, నున్నగా ఉంది. మస్తానమ్మ వేలితో నొక్కి చూసింది. వేలికి అంటుకుని ఓ పట్టాన వదల్లేదు.

అవ్వ అప్పడాలు ఎండలో ఆరేయడానికి లేచింది. అదే అదనుగా ఓ పెద్ద ముద్ద పావడ చెంగులోకి చేరింది.

ఇంజను మూత చుట్టూ ఆ పిండిని ఒత్తి ఒత్తి మెత్తింది మస్తానమ్మ. తెల్లగా కనిపించకుండా చిప్పలోని నూనె కూడా పూసింది. నాయన తిరిగొచ్చి ఇంజను తిప్పినాడు. ఒక్క బొట్టు కారలేదు.

"ఏం చేసినావు మే?" అన్నాడు నాయన, నమ్మలేక.

"నేనేం చేయలేదు నాయనా. దానికదే సర్దుకునింది."

"వేడికి బెండు ఉబ్బినట్టుంది" అనుకుంటూ నాయన మురిసిపోయినాడు. మస్తానమ్మ చిప్ప పారేసి గట్టు దాటింది.

పొద్దు వాలుతుండగా, రైతులకు కొత్త పద్ధతులు నేర్పే సర్కారు ఉద్యోగి, గ్రామసేవకుడు కామాక్షయ్య గారు వచ్చినారు. ఊళ్లో రైతులకు ఇంజను చూపించాలని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చినారు. ఆయన చొక్కా మల్లెపువ్వులా ఉంది. పిల్లలంతా ఆట మానేసి అక్కడికి చేరినారు.

"చూడండి సార్, చుక్క నూనె కారదు" అన్నాడు హజరత్తయ్య.

కామాక్షయ్య గారు మూతకేసి వంగినారు. ముక్కు ఎగబీల్చినారు.

"మీ ఇంట్లో అప్పడాలు కాలుస్తున్నారా?"

"ఇల్లు అల్లంత దూరాన ఉంది సార్."

అంతలో మూత అంచు నుంచి ఓ పిండిముక్క జారి, కాగుతున్న పొగగొట్టం మీద పడింది. పడి బుస్సున పొంగింది. దాని వెనకే ఇంకొకటి. అదీ పొంగింది. కమ్మటి వాసన కాలవ దాటి పోయింది.

"నీ ఇంజను నీళ్లు తోడతా అప్పడాలు కూడా కాలుస్తుందా హజరత్తయ్యా?" అన్నారు కామాక్షయ్య గారు. "ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే."

ఆయన మాట పూర్తికాకముందే మిగిలిన పిండి కూడా ఊడింది. అంతసేపూ ఆగిన నూనె ఒక్కసారిగా చిమ్మి, ఆ మల్లెపువ్వు చొక్కా మీద భుజం నుంచి నడుందాకా నల్లటి గీత గీసింది.

నాయన గబగబా ఇంజను ఆపినాడు. కాలవలో నీళ్లు ఆగిపోయినాయి.

సరిగ్గా అప్పుడే అవ్వ వచ్చినవాళ్లకు మజ్జిగ తెచ్చింది. పొగగొట్టం మీది ముక్కను తీసి వాసన చూసింది.

"ఇది నా ఇంగవ" అంది.

అందరూ మస్తానమ్మ పావడ వైపు చూసినారు. చెంగు నిండా ఎండిన పిండి.

"నేనే పెట్టినా" అంది మస్తానమ్మ నేల చూస్తూ. "నూనె పడతా కూర్చోలేక పెట్టినా."

"దానికదే సర్దుకునిందన్నావే" అన్నాడు నాయన. అంతే. ఆమె పారేసిన చిప్ప ఏరి తెచ్చి, తనే మూత కింద పెట్టినాడు. రెండు దెబ్బలు వేసుంటే బాగుండేదనిపించింది మస్తానమ్మకు.

కామాక్షయ్య గారు చొక్కా దులుపుకుంటూ, "అప్పడం బాగానే ఉంది గానీ, నూనె కొంచెం ఎక్కువైంది" అన్నారు.

ఆ సాయంత్రం నారుమడి వాడిపోకుండా నాయన, అవ్వ, మస్తానమ్మ బావి నుంచి కడవలతో నీళ్లు మోసినారు.

మరుసటి రోజు నాగుల్ మీరా వచ్చి మూత విప్పినాడు. అతని చెయ్యి ఆగినా నోరు ఆగదు.

"నాయుడుపేటలో ఎన్నో లీకులు చూసినా అన్నా. జీలకర్ర వేసిన లీకు మాత్రం ఇదే మొదలు." తర్వాత మస్తానమ్మ చేతికి మొద్దు కత్తి ఇచ్చినాడు. "పైన ఎంత మెత్తినా లోపలి సందు అట్నే ఉంటాది పాపా. అంతా గీకు. పాత బెండు గోరంత మిగిలినా, నూనెకి అదే వాకిలి."

సందుల్లో ఇరుక్కున్న పిండి కాలి రాయిలా బిగుసుకుపోయింది. గీకీ గీకీ మస్తానమ్మ వేళ్లు బొబ్బలెక్కినాయి. మీరా ఏదో లారీ కథ చెప్తూనే కొత్త ప్యాకింగు పరిచి మూత పెట్టినాడు. నాయన పానా అందుకుని బలమంతా పెట్టబోయినాడు.

"వద్దన్నా. మరీ బిగిస్తే బెండు నలిగి పక్కకొచ్చేస్తాది. ఈ నట్టు కొంచెం, ఆ నట్టు కొంచెం."

పని అయిపోయింది. మీరా సామాను సంచి సైకిలుకు కట్టుకున్నాడు. నాయన ఇంజను తిప్పడానికి హ్యాండిలు పట్టుకున్నాడు. నారుమడి నీళ్ల కోసం కాచుకుని ఉంది.

మస్తానమ్మ కదలకుండా నిలబడింది. పొగగొట్టం వైపు మూలలో పాత బెండు ముక్క ఒకటి మిగిలిపోయింది. చెయ్యి నొప్పి పుట్టి వదిలేసింది. ఎవరూ చూడలేదు. కారకపోనూవచ్చు.

"నాయనా, ఆగు."

"ఏంది?"

"ఆ మూల ఒక ముక్క గీకలేదు. మూత మళ్లీ తీయాల."

మీరా తలెత్తి ఎండ చూసినాడు. కట్టిన సంచి చూసినాడు. "ఎంత ముక్క?"

"శెనగబద్దంత."

నాయన హ్యాండిలు కింద పెట్టినాడు. మీరా నిట్టూర్చి సైకిలుకు స్టాండు వేసినాడు. అతను సంచి ముడి విప్పేలోగా మస్తానమ్మ మొద్దు కత్తి పట్టుకుని ఇంజను ముందు కూర్చుంది.